కడబంతి ఉప్పు

"ఉప్పు సరిపోయిందా?"

మన ఇళ్ళల్లో ఈ ప్రశ్న రోజుకు రెండుసార్లు వినిపిస్తుంది. అడిగేది వడ్డించే మనిషి. సమాధానం చెప్పవలసింది కంచం ముందు కూర్చున్న మనిషి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన రెండు క్షణాలు ఆగుతాడు. ఆ రెండు క్షణాలూ గరిటె పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉంటుంది. "ఊఁ" అంటే పరీక్ష ప్యాసయినట్టు. "కాస్త తగ్గినట్టుందే" అంటే ఉప్పుడబ్బా పరుగున రావాలి. "ఎక్కువైంది" అన్నాడా, ఇక ఆ పూటకి ఇంట్లో మబ్బు పట్టినట్టే.

ఎం.ఏ. చదివిన అమ్మాయి అయినా, బ్యాంకులో పదిమంది మీద అధికారం చేసే ఆఫీసరమ్మ అయినా ఈ పరీక్షకు కూర్చోవలసిందే. నేనూ ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. అంతెందుకు, నా నవలల్లో నాయికలను కూడా కూర్చోబెట్టాను. కొత్త కాపురంలో నాయిక కంగారుపడి కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. నాయకుడు కిక్కురుమనకుండా తినేసి గ్లాసుడు మంచినీళ్ళు గటగటా తాగేస్తాడు. "అబ్బ, ఎంత మంచివాడో!" అని పాఠకురాళ్ళు మురిసిపోతారు. అలాంటి సన్నివేశాలు ఒకటి కాదు, మూడు రాశాను. ఆ పాపానికి ప్రాయశ్చిత్తం అనుకోండి ఈ వ్యాసం.

నా ఫిర్యాదు ఒక్కటే. ఇంటి ఉప్పు ఎంతో తేల్చేది మొదటి బంతిలో కూర్చునే నాలుక. ఆ ఉప్పు ఏం చేస్తోందో ఎవరూ కనిపెట్టనిది కడబంతిలో కూర్చునే ఒంటిని.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అని సామెత ఉంది. చెప్పినవాడెవరో గానీ తప్పకుండా మగవాడే అయివుంటాడు. వడ్డించేదీ తనే, కడబంతిలో కూర్చునేదీ తనే అయిన మనిషి సంగతి ఆయనకు తట్టలేదు మరి!

ఆ కడబంతి కంచం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? మధ్యాహ్నం రెండవుతుంది. కూర గిన్నె అడుగున రెండు వంకాయ ముక్కలూ, నాలుగు తాలింపు గింజలూ. పప్పు పిల్లవాడు మారు అడిగి వేయించుకున్నాడు. "నా ఒక్కదానికీ మళ్ళీ పొయ్యి వెలిగిస్తానా?" అనుకుని ఆవిడ జాడీ మూత తీస్తుంది. అన్నంలో ఇంత ఆవకాయ. చారు గిన్నెలో అడుగు తేటి చిక్కగా మిగిలిన చారు. మజ్జిగ పోసుకుని అందులో ఓ చిటికెడు ఉప్పు. నంచుకోవడానికి డబ్బా అడుగున విరిగిపోయిన అప్పడం ముక్కలు, లేకపోతే ఓ మజ్జిగ మిరపకాయ. కడుపు నిండింది. "మా అమ్మకి ఆవకాయ అంటే ప్రాణం" అని పిల్లలు ఊరంతా చెబుతారు. అమ్మకి ఆవకాయ అంటే ప్రాణమో, కూర మిగలక ఆవకాయతో సరిపెట్టుకోవడం అలవాటయి అదే ఇష్టంగా మారిందో ఎవరైనా అడిగారా?

ఇప్పుడు లెక్క చూద్దాం. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లోనూ అదే మాట. 5 గ్రాములంటే తలకొట్టిన ఒక చిన్న చెంచా. అందులో రెండు గ్రాముల చిల్లర సోడియం ఉండదు. సరిగ్గా చెప్పాలంటే రమారమి 2 గ్రాములు. ఆ సోడియంతోనే తగాదా అంతా. ఇక, పెద్ద చెంచాడు ఆవకాయలో ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆవకాయను అనడానికి లేదు. ఏడాది పాటు బూజు పట్టకుండా ఉండాలంటే అంత ఉప్పూ పడాలి, అది దాని ధర్మం. కానీ ఆ చెంచా పైన మజ్జిగలో ఉప్పు, అప్పడంలో ఉప్పు, చారులో ఉప్పు చేరితే, ఆ ఒక్క పూటలోనే రోజు వాటాలో సగానికి పైగా చెల్లిపోతుంది. రాత్రి భోజనం ఇంకా రానే లేదు. పొద్దున తిన్న ఉప్మా లెక్కలోకి వేయనే లేదు.

మగవాళ్ళు మొత్తం మీద తిండి ఎక్కువ తింటారు కాబట్టి ఉప్పూ వాళ్ళకే ఎక్కువ చేరుతుందని మీరనవచ్చు. నిజమే కావచ్చు. నేను మాట్లాడుతున్నది కంచంలో పాళ్ళ గురించి. ముద్దకు ముద్ద పోల్చి చూడండి. కూర ఎక్కువా పచ్చడి తక్కువా ఉన్న కంచం ఎవరిది? పచ్చడి ఎక్కువా కూర తక్కువా ఉన్న కంచం ఎవరిది?

మా వదిన సంగతి చెబుతాను. అన్నయ్యకు తొమ్మిదేళ్ళ క్రితం బి.పి. బయటపడింది. డాక్టరు మాత్రలిచ్చి, ఉప్పు తగ్గించమన్నాడు. అంతే, ఆ రోజు నుంచి వదిన వంట రెండు వంటలయింది. ఏ కూర వండినా ఉప్పు వేయకముందే అన్నయ్య వాటా చిన్న గిన్నెలోకి తీస్తుంది. మిగిలినదానిలో ఎప్పటిలాగే ఉప్పు వేస్తుంది. అన్నయ్య ఆ చప్పిడి కూరను చూసి మొహం చిట్లించి "గడ్డి తిన్నట్టుందే" అని సగం వదిలేసేవాడు. వదిన ఏం చేసేదో తెలుసా? పారేయడానికి మనసొప్పక, అన్నయ్య వదిలేసిన చప్పిడి కూరలోనే ఆవకాయ కలుపుకుని తినేది. ఆయనకు తప్పించిన ఉప్పంతా ఈవిడ కంచంలోకి వచ్చి చేరేది!

అలా ఏడేళ్ళు గడిచాయి. ఒకరోజు అన్నయ్యను నెలవారీ పరీక్షకు తీసుకువెళితే, అక్కడి నర్సు "మీరు కూడా ఓసారి చెయ్యి ఇవ్వండమ్మా" అంది. వదిన నవ్వుతూ చెయ్యి చాపింది. మీటరులో అంకె చూసి నర్సు నవ్వలేదు. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. 190/110. 140/90 దాటితేనే ఎక్కువ అంటారు. ఇదివరకు ఎప్పుడు చూపించుకున్నారని డాక్టరు అడిగాడు. వదిన ఆలోచించి ఆలోచించి, "మా చిన్నవాడి కాన్పప్పుడండీ. కాళ్ళకు నీరు పట్టి, అప్పుడు కూడా పెరిగిందన్నారు" అని చెప్పింది. ఆ చిన్నవాడు అప్పటికి ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. కాన్పులో రక్తపోటు పెరిగినవాళ్ళకు ముందుముందు మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువనీ, నెలసరి ఆగిపోయే వయసులో మరీ కనిపెట్టి ఉండాలనీ ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్ళపాటు మొగుడి మాత్రల వేళలు గుర్తుపెట్టుకోవాలనీ, పిల్లల టీకాల తేదీలు గుర్తుపెట్టుకోవాలనీ మాత్రం అందరూ చెప్పారు.

"తలనొప్పి గానీ, కళ్ళు తిరగడం గానీ లేదే! తిరుగుతూనే ఉన్నానుగా" అంది వదిన. అదే దీని మాయ. చాలామందికి ఏ నొప్పీ ఉండదు. తిరుగుతూ తిరుగుతూనే ఒకరోజు కుప్పకూలిపోతారు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. అన్నయ్య పడకకుర్చీలో కూర్చుని, "నీకెందుకొచ్చిందే బి.పి.? నువ్వు టెన్షన్ పడేదేముంది ఇంట్లో?" అంటున్నాడు. వదిన వంటింట్లో ఉంది. పొయ్యి మీద ఎప్పటిలాగే చిన్న గిన్నెలో అన్నయ్యకు చప్పిడి బీరకాయ, పెద్ద గిన్నెలో మిగతావాళ్ళకు ఉప్పు వేసిన బీరకాయ. "మరి మీకో వదినా?" అన్నాను. "నా ఒక్కదానికీ వేరే ఏం చేసుకుంటానులే!" అంది.

చూడండి, చప్పిడి గిన్నె పొయ్యి మీదే ఉంది. అందులో ఇంకో గుప్పెడు ముక్కలు పడేస్తే ఇద్దరికీ సరిపోయేది. ఆ సంగతి ఆవిడకీ తోచలేదు, ఆయనకీ తోచలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకూ తోచలేదు. ఇంటికి వచ్చాక, మా వారికి వడ్డిస్తూ "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతుంటే తోచింది.

ఇంటాయనకు బి.పి. వస్తే అది ఇంటిల్లిపాదికీ సమస్య. ఇల్లాలికి వస్తే అది ఆవిడ సొంత వ్యవహారం. ఇంతకన్నా అన్యాయం ఉందా?

అసలు ఒక్కరికి చప్పిడి, మిగతావాళ్ళకు మామూలు అనే ఈ పద్ధతే తప్పు. చప్పిడి కూడు అంటే ఏదో శిక్ష పడ్డవాడి కూడు అన్నట్టు తయారుచేశాం. ఎదురుగా కొడుకు అప్పడం కరకరా నములుతుంటే, తండ్రి ఎన్నాళ్ళని గడ్డి తింటాడు? దొంగచాటుగా జాడీలో చెయ్యి పెడతాడు. పైగా ఆ కొడుకేమైనా ఇనుముతో చేసినవాడా? తండ్రికి నలభై అయిదేళ్ళకు వచ్చింది వాడికి ముప్ఫయి అయిదుకే రావచ్చు. మన దేశంలో సగటు మనిషి రోజుకు సుమారు 8 నుంచి 11 గ్రాముల ఉప్పు తింటున్నాడని సర్వేలు చెబుతున్నాయి. అంటే తినవలసినదానికి రెట్టింపు అటూ ఇటూగా. ఇది ఒక్క రోగి నాలుక సమస్య కాదు, ఇంటి గరిటె సమస్య.

"ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు" అన్నారు పెద్దలు. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఒంట్లో ఉప్పు పెరిగితే, దాన్ని పలచన చేయడానికి ఒళ్ళు నీటిని పట్టి ఉంచుకుంటుంది. రక్తనాళాల్లో ప్రవహించే సరుకు పెరుగుతుంది, గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది, గుండె మరింత గట్టిగా తోయవలసి వస్తుంది. అదనపు ఉప్పును బయటకు తోసే పని మూత్రపిండాలది. ఏళ్ళ తరబడి ఆ చాకిరీ చేసి చేసి అవీ అలసిపోతాయి. అచ్చం కడబంతి మనిషిలాగే, నోరెత్తి చెప్పవు.

ఇలా అనగానే నా మీదకు వచ్చే వాదనలు నాకు తెలుసు. మొదటిది: "మా అమ్మమ్మ జాడీలకు జాడీలు ఆవకాయ తిని తొంభై ఏళ్ళు బతికింది." సంతోషం. ఆవిడ రోట్లో రుబ్బింది, నూతిలో తోడింది. అయినా, ఆ ఇంట్లోనే యాభై ఏళ్ళకు చెయ్యీ కాలూ పడిపోయి, "ఏదో గాలి సోకింది" అనిపించుకుని పోయిన చిన్న అమ్మమ్మను ఎందుకు లెక్కపెట్టరు? బతికినవాళ్ళే సాక్ష్యం చెబుతారు, పోయినవాళ్ళు చెప్పలేరు.

రెండోది: "మన ఎండలకు చెమట పడుతుంది, ఉప్పు కావాలి." మే నెలలో రోజంతా పొలంలో పనిచేసేవాళ్ళు ఆ మాట అంటే సరే. ఫ్యాను కింద పేపరు చదువుకునేవాళ్ళు అనకూడదు.

మూడోది ఈమధ్య ఫ్యాషనయింది: "మేం సైంధవ లవణం వాడుతున్నాం, గులాబీ రంగుది." రంగు గులాబీదైనా, అందులోనూ అధికభాగం అదే సోడియం క్లోరైడు. పైగా ప్యాకెట్టు ఉప్పులో కలిపే అయొడిన్ దానిలో చాలా వరకు ఉండదు. వాడేది అయొడిన్ ఉప్పే వాడండి, తక్కువ వాడండి. ఇది రెండు మాటల్లో తేలిపోయే విషయం.

నాలుగోది భయపెట్టే వాదన: "అయితే మొత్తం మానేస్తాం!" వద్దు తల్లీ. ఉప్పు బొత్తిగా లేకపోయినా ఒళ్ళు నడవదు. నీరుడుపు మాత్రలు మింగే ముసలివాళ్ళకు సోడియం మరీ పడిపోయి మనిషి మగతలోకి వెళ్ళిన సందర్భాలుంటాయి. వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళే ప్రాణం నిలబెడతాయి. తగ్గించడం వేరు, వెలివేయడం వేరు.

సోడియం కొంత తీసి పొటాషియం కలిపిన ఉప్పు కూడా బజారులో దొరుకుతోంది. చైనాలో 600 పల్లెల్లో, దాదాపు 21,000 మంది మీద చేసిన పరిశీలన 2021లో వెలువడింది. వాళ్ళంతా ఇదివరకు పక్షవాతం వచ్చినవాళ్ళో, బి.పి. ఉన్న అరవై దాటినవాళ్ళో. సగం పల్లెల్లో వంటకు వాడే ఉప్పునే మార్చి ఇచ్చారు. ఆ పల్లెల్లో పక్షవాతాలు నూటికి 14 వంతులు తగ్గాయి. చూశారా, రోగికి వేరే గిన్నె పెట్టలేదు, ఇంటి ఉప్పుడబ్బానే మార్చారు. అయితే మూత్రపిండాల జబ్బున్నవాళ్ళూ, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవాళ్ళూ డాక్టరును అడగకుండా ఆ ఉప్పు జోలికి వెళ్ళకూడదు. పొటాషియం వాళ్ళకు ప్రమాదం.

ఇంటిల్లిపాదీ ఎందుకు మానాలి అంటారా? గాంధీగారి సంగతి గుర్తుచేస్తాను. ఉప్పు అనగానే మనకు 1930 నాటి దండి యాత్ర గుర్తుకొస్తుంది. అంతకు చాలా ఏళ్ళ ముందు, దక్షిణాఫ్రికాలో ఉండగా, కస్తూర్బా జబ్బు పడింది. ఉప్పూ పప్పూ మానేయమని ఆయన ఆవిడను పోరాడు. విసుగెత్తి ఆవిడ, మీకు చెబితే మాత్రం మీరు మానగలరా అన్నది. ఆయన అక్కడికక్కడే, తనకు ఏ జబ్బూ లేకపోయినా, ఏడాదిపాటు రెండూ మానేశానన్నాడు. కస్తూర్బా నొచ్చుకుని, ఏడ్చి, ఆ మాట వెనక్కి తీసుకోమని వేడుకుంది. ఆయన తీసుకోలేదు. ఇదంతా ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. ఆవిడను ఏడిపించడం నాకు నచ్చలేదు. ఆయన మొండితనం ఆయన చెంతనే ఉండనివ్వండి. కానీ భార్య పథ్యం భర్త కూడా తిన్నాడు చూశారూ, ఆ ఒక్క ముక్క మన ఇళ్ళల్లోకి తెచ్చుకుంటే చాలు.

అందుకు పెద్ద వ్రతాలేవీ పట్టనక్కరలేదు. ఉప్పు చేత్తో వేయకుండా చెంచాతో వేయండి. అప్పుడు ఎంత వేస్తున్నారో మీకే తెలుస్తుంది. ఆ చెంచాలో నాలుగోవంతు తగ్గించండి. ఎవరికీ చెప్పకండి! చెబితే నాలుకలు ముందే అలుగుతాయి. కొన్ని వారాలు పోయాక ఇంకాస్త తగ్గించండి. రెండు మూడు నెలల్లో నాలుక దారికొస్తుంది, పాత ఉప్పే కషాయంలా అనిపిస్తుంది. కాస్త చింతపండు, నిమ్మరసం, అల్లం, మిరియం, ఇంగువ, కొత్తిమీర చేతిలో ఉన్న ఆంధ్రదేశపు ఆడది ఉప్పు మీదే ఆధారపడాలా? ఆవకాయ వేసుకున్న పూట అప్పడం వద్దు, మజ్జిగలో ఉప్పు వద్దు. ప్యాకెట్ల మీద సోడియం ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలిసిపోతుంది. పిల్లలు ఎగబడే నూడిల్సు ప్యాకెట్టుకు ఒక్కసారి ఆ లెక్క వేసి చూడండి. ఇంకో లెక్క కూడా. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో నెలకు 600 గ్రాములు దాటకూడదు, పచ్చళ్ళూ వడియాలూ బజారు తిండీ అన్నీ కలిపి. మీ ఇంటికి నెలకెన్ని ఉప్పు ప్యాకెట్లు వస్తున్నాయో సరుకుల చీటీ చూసుకోండి.

ఇవన్నీ చేసినా, కడబంతి కడబంతిగానే ఉంటే ప్రయోజనం లేదు. కూర నలుగురికీ సమంగా వండండి, నలుగురూ కలిసి కూర్చోండి, గిన్నెలు మధ్యలో పెట్టుకోండి. కూర చాలకపోతే అందరికీ కాస్త తగ్గుతుంది. అందరూ కలిసి "ఆవకాయ తెండి" అంటారు. ఒక్క మనిషి మీద మాత్రం పడదు. ఈ వారంలోనే మీరు, అవును, మీరే, ఇంట్లో అందరికీ మాత్రలు అందించే మీరే, వెళ్ళి చెయ్యి చాపండి. ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారో గుర్తులేకపోతే, అందుకే వెళ్ళండి.

మా వదిన ఇప్పుడు మాత్రలు వాడుతోంది. పెద్ద గిన్నె ఒకటే పొయ్యి మీదకెక్కుతోంది, అందులో ఉప్పు తక్కువ. మొదటి నెల పిల్లలు గొడవ చేశారట, తర్వాత మరిచిపోయారట. అన్నయ్య మొన్న నేను భోజనానికి వెళితే, కంచం ముందు కూర్చుని అలవాటుగా మొదటి ముద్ద తిని ఆగాడు. వదిన కూడా అలవాటుగా గరిటె పట్టుకుని ఆగింది. నేను మధ్యలో కల్పించుకుని, "ఆ ప్రశ్న ఇంక చాలు. కొత్త ప్రశ్న అడుగు అన్నయ్యా" అన్నాను. "ఏమిటది?" అన్నాడు.

"నీకు కూర మిగిలిందా?" అని అడగమన్నాను.

అడిగాడు. వదిన గిన్నెలోకి తొంగిచూసింది.

మీ ఇంట్లో ఎవరూ అడగకపోతే, ఈ పూట ఈ పేజీ తెరిచి కంచం పక్కన పెట్టండి.